మూసీ ఒడ్డున కూలిన ఇళ్లు

హైదరాబాద్‌లో, చాదర్‌ఘాట్ దగ్గర మూసీ నదిని ఆనుకుని ఉన్న శంకర్ నగర్, మూసా నగర్ బస్తీల్లో కొన్ని ఇళ్లు ఇప్పుడు లేవు. 2024 సెప్టెంబరు చివరి వారంలో వాటి గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని అధికారులు రాసి వెళ్లారు. నదీగర్భంలో ఉన్న ఇల్లని దాని అర్థం. అక్టోబరు మొదట్లో కూల్చివేత మొదలైంది. మధ్యలో మిగిలినవి కొద్ది రోజులు. ఆ కొద్ది రోజులూ ఆ రాతల కిందే అన్నం వండుకున్నారు, పిల్లల్ని నిద్రపుచ్చారు.

సందులు ఇరుకు, యంత్రాలు దూరవు. అందుకని కూలీలు సుత్తులూ గడ్డపారలూ పట్టుకుని వచ్చారు. మనిషి చేతులతో కూలగొడితే ఇల్లు మెల్లగా పోతుంది. ముందు రేకులు, ఆ తర్వాత దర్వాజా, ఆఖరున గోడ. పక్క గది పోగానే, అన్నేళ్లూ లోపలే ఉన్న గోడ ఒక్కసారిగా వీధికి కనిపిస్తుంది. పొయ్యి దగ్గరి మసి, క్యాలెండర్ తగిలించిన మేకు, దాని కింద వెలిసిపోకుండా మిగిలిన నీలం రంగు. ఏ పండక్కి వేయించుకున్న రంగో అది. పరాయివాళ్లం, అలా చూడకూడనిది చూస్తున్నామనిపిస్తుంది.

నది వైపూ న్యాయం ఉంది, కాదనను. 1908 సెప్టెంబరు 28న ఇదే మూసీ వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు వెలిశాయి. 2020 అక్టోబరు వరదల్లో ఈ ఒడ్డు బస్తీల్లోకి మళ్లీ నీళ్లొచ్చాయి. బియ్యం తడిసి, బట్టలు తడిసి, జనం బెంబేలెత్తిన ఆ రోజున ఎవరైనా వచ్చి కూర్చుని, ముందు వేరే ఇల్లు చూపిస్తాం, మీకు నచ్చాక ఇది వదిలేద్దురుగాని అని ఉంటే! నాలుగేళ్ల వ్యవధి ఉండింది. నాలుగేళ్లలో ఎంతమందికి నచ్చజెప్పవచ్చు!

అంతకు ముందూ అవకాశాలు లేకపోలేదు. మొదటి ఇటుక పేర్చిన నాడు ఆపవచ్చు. కరెంటు మీటరు బిగించిన నాడు చెప్పవచ్చు. ఇంటిపన్ను రసీదు చేతికిచ్చిన నాడు, ఓటరు జాబితాలో పేరెక్కించిన నాడు చెప్పవచ్చు. వచ్చినవాళ్లంతా ఏదో ఒక కాగితం ఇచ్చి వెళ్లారు. నది మాదని బస్తీవాళ్లు అనలేదు. ఇన్నేళ్లూ మా దగ్గర డబ్బు కట్టించుకుంటున్నప్పుడు ఇది నది అని ఎందుకు చెప్పలేదన్నదే వాళ్ల ఫిర్యాదు. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదంటుంది చట్టం. నిజమే, హక్కు రాదు. నమ్మకం వస్తుంది. ఆ నమ్మకంతోనే చిట్టీ ఎత్తి ఇంకో గది వేసుకుంటారు.

ఆ ఫిర్యాదు ఎవరితో చెప్పుకోవాలో కూడా తెలియలేదు. ఊరంతా ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా పేరే అంది. మూసీ ఒడ్డు కూల్చివేతలు తమ పని కాదని హైడ్రా చెప్పింది. ఇల్లు పోయిన మనిషి ఏ ఆఫీసు మెట్లెక్కాలి? మలక్‌పేట పిల్లిగుడిసెల కాలనీలో డబుల్ బెడ్రూం ఇళ్లిచ్చారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. వరద భయం లేని పక్కా ఇళ్లే అవి. కానీ పొద్దున్నే చేసుకునే పని, చెయ్యి చాస్తే అందే ఇరుగుపొరుగు, చేబదులిచ్చే కిరాణా కొట్టు తాళంచెవితో పాటు రావు.

2024 నవంబరు 13న కూల్చివేతల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఇల్లు కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని, ఇంటివాళ్ల మాట వినాలని చెప్పింది. ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ రాత్రికి రాత్రి వీధిన పడడం మంచి దృశ్యం కాదంది. చదువుతుంటే గుండె బరువెక్కింది. కానీ రోడ్లు, రైలు పట్టాలు, నదులు, చెరువుల్లోని అనధికార కట్టడాలకు ఇవేవీ వర్తించవని అదే తీర్పులో ఉంది. మూసీ ఒడ్డున ఇంకా ఉంటున్నవాళ్లు ఆ తీర్పు ప్రతి పట్టుకుని వెళ్లినా, ఆ పదిహేను రోజులు అడిగే వీలు లేదు.