సికింద్రాబాద్ దోమ నుంచి జీనోమ్ దాకా: మలేరియా మన డీఎన్‌ఏలో ఏం రాసింది?

ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. ఆ రోజు రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో మీసాల దొర ఫోటో ఒకటి తిరుగుతుంది. "మలేరియా గుట్టు మన సికింద్రాబాద్‌లోనే బయటపడింది" అని కింద రాసి ఉంటుంది. నిజమే, బయటపడింది. ఆ దొర పేరు రోనాల్డ్ రాస్. కానీ చాలామంది అక్కడితో కథ అయిపోయింది అనుకుంటారు. నేను ఈ ఎపిసోడ్‌లో చెప్పాలనుకున్నది ఆ తర్వాత కథ.

ఎందుకంటే మలేరియా ఒక్కరి వ్యవహారం కాదు. ముగ్గురు ఉంటారు. ఒకటి ప్లాస్మోడియం అనే ఏకకణ పరాన్నజీవి. రెండోది ఎనాఫిలిస్ దోమ. మూడోది మనిషి. ముగ్గురికీ డీఎన్‌ఏ ఉంది. వేల ఏళ్లుగా ఈ ముగ్గురూ ఒకరినొకరు మారుస్తూ వచ్చారు. ఆ మార్పులన్నీ ఎక్కడ రాసి ఉన్నాయంటే, వాళ్ల వాళ్ల జన్యువుల్లోనే. ఆ రాతను మనం ఎప్పుడు, ఎలా చదవడం నేర్చుకున్నాం అన్నదే ఇవాళ్టి చరిత్ర.

పాత జబ్బు కదా, దీంతో మనకేం పని అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఒక్క 2023లోనే సుమారు 26.3 కోట్ల మలేరియా కేసులు, 5,97,000 మరణాలు. చనిపోయిన వాళ్లలో ఎక్కువమంది ఆఫ్రికాలో ఐదేళ్లు నిండని పిల్లలు.

అణాకి ఒక దోమ

ముందు పేరు చూద్దాం. ఇటాలియన్‌లో "మలేరియా" అంటే చెడు గాలి. మన పెద్దవాళ్లు చలిజ్వరం అన్నారు, మన్యం జ్వరం అన్నారు. వాళ్లు గాలిని తిట్టారు, మనం కొండని, అక్కడి నీళ్లని తిట్టాం. దోమ మీద దాదాపు ఎవరికీ అనుమానం లేదు.

1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు ఒక రోగి రక్తంలో కదులుతున్న పరాన్నజీవిని చూశాడు. సరే, ఇది రక్తంలోకి ఎలా వస్తోంది? అంతకుముందే 1877లో చైనాలో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరగడం చూసి ఉన్నాడు. 1894లో లండన్‌లో రాస్ ఆయన్ని కలిస్తే, మలేరియా సంగతి కూడా దోమలోనే వెతుకు అని మాన్సన్ చెప్పాడు. అయితే దోమ కుట్టడం వల్ల జబ్బు వస్తుందని మాన్సన్ కూడా అనుకోలేదు. దోమ చచ్చి పడిన నీళ్లు తాగితే వస్తుందని ఆయన ఊహ.

రాస్ మిలిటరీ డాక్టరు, పోస్టింగ్ సికింద్రాబాద్. రెండేళ్లు వందల దోమల్ని కోశాడు. ఏమీ దొరకలేదు. కారణం చిన్నది: అవన్నీ వేరే జాతి దోమలు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని చేతికి చిక్కాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని ఒప్పించి, ఆయన్ని ఆ దోమలతో కుట్టించాడు. రక్తం తాగిన దోమ ఒక్కింటికి ఒక అణా చెల్లించాడు. ఫ్యాన్ వేస్తే దోమలు ఎగిరిపోతాయని బేగంపేట ఉక్కలోనే కూర్చున్నాడు. చెమటకి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడ మీద గుండ్రటి కణాలు కనిపించాయి. వాటి లోపల నల్లటి రేణువులు. రోగి రక్తంలోని పరాన్నజీవిలో ఉండే రేణువులు అచ్చం అలాంటివే. దొంగ దొరికాడు.

వెంటనే ప్రభుత్వం ఏం చేసింది? ఆయన్ని రాజపుతానాలో మలేరియా పెద్దగా లేని ఖేర్వారాకి ట్రాన్స్‌ఫర్ చేసింది! తర్వాత కలకత్తాలో పిట్టల మలేరియా మీద పని చేసి, 1898 జూలైలో పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథిలోకి చేరుతుందని తేల్చాడు. అంటే నీళ్లతో కాదు, కాటుతోనే. అదే ఏడాది మనుషుల మలేరియాని మోసేది ఎనాఫిలిస్ దోమేనని ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే వచ్చింది. ఆ ఘనత ఎవరిదన్న గొడవ వాళ్లిద్దరి మధ్య చివరిదాకా నడిచింది.

నా మాట ఒకటి. రాస్ కష్టం నిజం. కానీ ఆ కణాలు పుట్టింది హుసేన్ ఖాన్ రక్తంలోంచి. దోమలు పట్టి పెంచి ఇచ్చింది మహమ్మద్ బక్స్ లాంటి సహాయకులు. ఈ పేర్లు మనలో ఎంతమందిమి విన్నాం?

మన రక్తంలో ఒక్క అక్షరం

ఇప్పుడు మనిషి వైపు వద్దాం. మలేరియా ఎంత పాతదంటే, అది మన జన్యువుల్నే మార్చేసింది. 1949లో జె.బి.ఎస్. హాల్డేన్ ఒక ఊహ చేశాడు. థలసీమియా లాంటి రక్త లోపాలు మలేరియా ఉన్న చోట్ల ఎందుకు ఎక్కువ? అవి ఆ జ్వరం నుంచి కొంత కాపాడుతున్నాయేమో అన్నాడు. ఈ హాల్డేనే 1957లో ఇండియాకి వచ్చేసి, చివరికి భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో దీనికి రుజువు చూపించాడు. తీరంలో, విక్టోరియా సరస్సు చుట్టూ మలేరియా ఎక్కువ. అక్కడ సికిల్ సెల్ జన్యువు కూడా ఎక్కువ. ఎత్తైన ప్రాంతాల్లో రెండూ తక్కువ. ఇందులో మారింది ఎంతో తెలుసా? హీమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం. ఏ ఉండాల్సిన చోట టీ. తల్లి నుంచో తండ్రి నుంచో ఆ అక్షరం ఒక్క కాపీ వస్తే, పిల్లలకి తీవ్రమైన మలేరియా నుంచి మంచి రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, జీవితాంతం నొప్పులు, రక్తహీనత. ప్రకృతి చేసిన బేరం ఇది. లాభం కొందరికి, ఖర్చు వేరే కొందరు పిల్లలకి.

ఈ కథ మనకి దూరం కాదు. ఆదిలాబాద్, ఖమ్మం, విశాఖ ఏజెన్సీల్లోని గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలని కేంద్రం 2023లో ఒక మిషన్ మొదలుపెట్టింది. దాని కింద జరిగే స్క్రీనింగ్ అంటే, నన్నడిగితే, వేల ఏళ్ల కింద మలేరియా రాసిన ఒక్క అక్షరాన్ని ఇవాళ వెతకడమే.

ఇంకో ఉదాహరణ జీ6పీడీ లోపం. ఇది కూడా మలేరియా ప్రాంతాల్లోనే ఎక్కువ. వైవాక్స్ రకం మలేరియా లివర్‌లో దాక్కుని మళ్లీ మళ్లీ వస్తుంది. దాన్ని అక్కడ చంపే మందు ప్రైమాక్విన్. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకి ఆ మందు ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. ఈ లోపం 1956లో బయటపడింది. ఎలా? అమెరికాలో ఖైదీల మీద చేసిన మందుల పరీక్షల్లో. ఇక్కడ కూడా సైన్స్ ఎవరి ఒంటి మీద నడిచిందో చూడండి.

ఒకే వారంలో రెండు జీనోమ్‌లు

2001లో మానవ జీనోమ్ ముసాయిదా వచ్చింది. 2002 అక్టోబర్ మొదటి వారంలో ఇంకో రెండు వచ్చాయి. ప్లాస్మోడియం ఫాల్సిపారం జీనోమ్ "నేచర్" పత్రికలో, ఎనాఫిలిస్ గాంబియే దోమ జీనోమ్ "సైన్స్" పత్రికలో. మనిషిది సుమారు 300 కోట్ల అక్షరాలు, దోమది 27.8 కోట్లు, పరాన్నజీవిది 2.3 కోట్లు మాత్రమే. చిన్నదే అయినా చదవడానికి చుక్కలు చూపించింది.

ఎందుకో చెప్తా. అప్పట్లో డీఎన్‌ఏని చిన్న ముక్కలు చేసి చదివి, ఏ ముక్క ఏ ముక్కతో కలుస్తుందో కంప్యూటర్‌తో పట్టుకునేవారు. ఇదే బయోఇన్ఫర్మాటిక్స్ చేసే మొదటి పని. నాలుగు రంగులూ సమానంగా ఉన్న బొమ్మ ముక్కలైతే కలపడం తేలిక. ఫాల్సిపారంలో దాదాపు 80 శాతం ఏ, టీ అక్షరాలే. ఆకాశం ఫోటోని ముక్కలు చేసి కలపమన్నట్టు. ఏ ముక్క చూసినా నీలమే! అందుకే దీన్ని 14 క్రోమోజోములుగా విడదీసి పంచుకుని, ఆరేళ్లు కష్టపడ్డారు.

చివరికి దాదాపు 5,300 జన్యువులు తేలాయి. వాటిలో 60 శాతం వరకు అప్పటిదాకా ఇంకే జీవిలోనూ తెలిసినవి కావు. అందులో "వార్" అనే జన్యువులు సుమారు 60. ఒక్కో వార్ జన్యువు పరాన్నజీవికి ఒక్కో చొక్కా లాంటిది. మన రోగనిరోధక వ్యవస్థ ఒక చొక్కాని గుర్తుపట్టేలోపు ఇంకోటి తొడుక్కుంటుంది. మలేరియా ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ ఎందుకు వస్తుందో దీంతో చాలావరకు అర్థమైంది.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ఈ పరాన్నజీవి లోపల ఒక చిన్న గుండ్రటి డీఎన్‌ఏ దొరికింది. 1996 నాటికి తేలిందేమిటంటే, అది మొక్కల్లోని హరితరేణువుకి చుట్టం. అంటే మలేరియా క్రిమి పూర్వీకులు ఒకప్పుడు నాచు జాతి జీవిని తమలో కలుపుకున్నాయి. ఇప్పుడు పచ్చదనం లేదు, ఎండతో పని లేదు, కానీ ఆ భాగం లేకపోతే అది బతకదు. బ్యాక్టీరియాని చంపే డాక్సీసైక్లిన్ మలేరియా మీద కూడా ఎందుకు పనిచేస్తుందో దీంతో తెలిసింది. దాని దెబ్బ సరిగ్గా అక్కడే తగులుతుంది.

వాళ్లూ నేర్చుకుంటున్నారు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా 7.5 కోట్ల కేసులు, 8 లక్షల మరణాలు ఉండేవని అంచనా. డీడీటీ కొట్టి, క్లోరోక్విన్ పంచి, 1961 కల్లా కేసుల్ని 50 వేల దగ్గరికి తెచ్చారు. ఇక అయిపోయింది అనుకున్నారు. 1976లో 64 లక్షలు! నిఘా సడలడం ఒక కారణం. దోమ, పరాన్నజీవి రెండూ మారిపోవడం ఇంకో కారణం.

దోమ ఎలా మారుతుందో చూడండి. డీడీటీ, పైరిత్రాయిడ్ మందులు దోమ నరాల్లో ఉండే సోడియం ద్వారాల మీద పనిచేస్తాయి. ఆ ద్వారం తయారుచేసే జన్యువులో ఒక్క చోట మార్పు వస్తే, మందు సరిగా అతుక్కోదు. మందు కొట్టిన గోడ మీదే దోమ హాయిగా కూర్చుంటుంది.

పరాన్నజీవి సంగతి. క్లోరోక్విన్‌కి లొంగని రకం 1950ల చివర్లో థాయ్, కంబోడియా సరిహద్దుల్లో కనిపించింది. 1973లో అస్సాంలో, 1970ల చివర్లో తూర్పు ఆఫ్రికాలో. ఆఫ్రికాలో అది సొంతంగా పుట్టిందా, ఎవరైనా మోసుకెళ్లారా? 2000లో దీనికి కారణమైన జన్యువు దొరికాక, చుట్టుపక్కల డీఎన్‌ఏని పోల్చి చూశారు. ఆఫ్రికా రకం ఆసియా నుంచి వెళ్లిందే అని తేలింది. ఏ ఓడ పుస్తకంలోనూ రాయని ప్రయాణం అది, డీఎన్‌ఏలో మాత్రమే దొరికింది.

తర్వాత ఆర్టెమిసినిన్ వచ్చింది. చైనా శాస్త్రవేత్త తు యుయు సాధించిన మందు, 2015లో నోబెల్. దానికీ తట్టుకునే గుర్తు 2014లో కంబోడియాలో దొరికింది, కెల్చ్ 13 అనే జన్యువులో. ఆ జన్యువులోనే మరో మార్పు తర్వాత రువాండాలో కనిపించింది. ఈసారి ఆసియా నుంచి వెళ్లింది కాదు, అక్కడే పుట్టింది.

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇంకోటి. వేలి మీద చుక్క రక్తం తీసి చేసే ర్యాపిడ్ టెస్టులు ఎక్కువగా హెచ్‌ఆర్‌పీ2 అనే ప్రోటీన్‌ని వెతుకుతాయి. కొన్ని పరాన్నజీవులు ఆ జన్యువునే వదిలేసుకున్నాయి. 2010లో పెరూలో మొదట తెలిసింది. ఎరిట్రియాలో ఎంత పెరిగిందంటే, 2016లో ఆ టెస్టులే మార్చేశారు. ఒంట్లో మలేరియా ఉంటుంది, కార్డు మీద నెగెటివ్ వస్తుంది. ఇలాంటిదాన్ని ముందే పట్టుకోవాలంటే ఎప్పటికప్పుడు శాంపిళ్ల జీనోమ్ చదువుతూ ఉండటం ఒక దారి.

బేగంపేట నుంచి జీనోమ్ వ్యాలీ

రాస్ ఆ రోజు చూసిన గుండ్రటి కణాల్లో వేల పిల్ల పరాన్నజీవులు పెరుగుతాయి. అవే లాలాజలంలోకి చేరి, కాటుతో మనలోకి వస్తాయి. వాటి పైపొర ప్రోటీన్ జన్యువుని 1984లో విడదీశారు. దాన్ని ఆధారం చేసుకునే ఆర్‌టీఎస్,ఎస్ టీకా తయారైంది. 2021 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకి సిఫారసు చేసిన మొదటి మలేరియా టీకా అదే. 2023లో ఆర్21 అనే రెండోది వచ్చింది, పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేస్తోంది. మొదటి టీకా తయారీ పరిజ్ఞానాన్ని మన హైదరాబాద్ భారత్ బయోటెక్‌కి ఇచ్చేలా 2021లోనే ఒప్పందం కుదిరింది. ఈ టీకాలు పూర్తి రక్షణ ఇవ్వవు, అయినా ప్రాణాలు కాపాడతాయి. సికింద్రాబాద్ దోమ కడుపులో మొదలైన దారి, తిరిగి ఈ ఊరికే వచ్చింది.

కానీ దీన్ని గెలిచిన కథలా చెప్పి ముగించడం నాకు ఇష్టం లేదు. 1961లో అలాగే అనుకున్నారు కదా. మనం చదవడం ఆపిన ప్రతిసారీ దోమ, పరాన్నజీవి రాస్తూనే ఉన్నాయి.

మన వంతు పని పెద్దదేం కాదు. మలేరియా అని తేలితే డాక్టర్ రాసిన కోర్సు మొత్తం వాడండి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపితే, మిగిలిన పరాన్నజీవులకి మనమే ట్రైనింగ్ ఇచ్చినట్టు. టెస్టు నెగెటివ్ వచ్చినా చలిజ్వరం వదలకపోతే మళ్లీ రక్తపరీక్ష అడగండి. మీ ప్రాంతంలో సికిల్ సెల్ స్క్రీనింగ్ జరిగితే, ముఖ్యంగా పెళ్లికి ముందు, సిగ్గుపడకుండా చేయించుకోండి. బయాలజీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఒక్క మాట: "ప్లాస్మోడీబీ" అనే డేటాబేస్‌లో ఈ పరాన్నజీవి జీనోమ్ మొత్తం ఉంది. మీ ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. రాస్‌కి దొరకనిది అది.

ఈసారి ఆగస్టు 20న ఆ ఫోటో ఫార్వర్డ్ చేసేటప్పుడు, కింద హుసేన్ ఖాన్ పేరు కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.