పాస్‌వర్డు పుట్టుక

కోటవాకిట కావలివానికి సంకేతపదము చెప్పి లోనికిఁ బోవుట ప్రాచీనాచారమే యైనను, ఒక యంత్రము మనుష్యుని నిలిపి అట్టి పదము నడుగుట నిన్న మొన్నటి మాట. 1961వ సంవత్సరాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థయందు ఫెర్నాండో కొర్బాటో మొదలగువారు సి.టి.ఎస్.ఎస్. అను ఉమ్మడి వ్యవస్థను ప్రదర్శించిరి. అంతవరకు చిల్లులు పొడిచిన కార్డుల కట్టను యంత్రశాలలో నప్పగించి ఫలితమునకై గంటలకొలది వేచియుండెడి పరిశోధకులు, ఆ పిమ్మట ఎవరి టైపురైటరు ముందు వారు కూర్చుండి ఒకే ఐ.బి.ఎం. కంప్యూటరును ఏకకాలమున వాడుకొనఁగలిగిరి. అది క్షణమాత్రము ఒకరి పని చూచి మఱుక్షణము వేఱొకరి పనికి మరలుచుండుటచే ప్రతివానికిని తన సొంతమే యనిపించెడిది.

అనిపించినంతనే సొంతమగునా? ఎవరికెన్ని గంటలు చెల్లునో లెక్క యుండెను; ఒకరి ఫైళ్లు వేఱొకరి చేతఁ బడకుండవలెను. కావున ప్రతి వాడుకరి పేరునకును ఒక రహస్యపదము జతపడినది. దానిని కొట్టునపుడు కాగితముపై అచ్చు పడకుండునట్లు యంత్రము ముద్రణమును నిలిపివేసెడిది. ఈ కట్టుబాటునకు మూలము దొంగల భయము కంటె పద్దుల చింతయే యని నా తలంపు.

పద్దుల చింతయే దానికి తొలిగండిని గొట్టినది. 1962లో అలన్ షెర్ అను పరిశోధకవిద్యార్థికి వారమునకు నాలుగు గంటల వాడుకయే కేటాయింపఁబడినది. అది ఆతని పనికి చాలలేదు. ఫైళ్లను కాగితముపై ముద్రింపుమని కార్డుద్వారా కోరు సదుపాయ మొకటి యుండుట యెఱిఁగి, ఆతఁడు శుక్రవారమునాఁడు పాస్‌వర్డుల ఫైలునే కోరి, శనివారము ఉదయమున ముద్రితప్రతులుంచు తావునకుఁ బోయి నిశ్చింతగా తెచ్చుకొనెను! ఇతరుల గంటలతో తన పరిశోధన సాగించిన యీ సంగతిని ఆతఁడు సుమారు పాతికేండ్లకుఁ గాని వెల్లడింపలేదు. 1966లో నైతే దొంగయే యవసరము లేకపోయెను. ఇరువురు నిర్వాహకులు ఒకే వేళ నొకరు పాస్‌వర్డుల పట్టికను, మఱియొకరు వాడుకరులకుఁ జూపు దైనందిన ప్రకటనను సవరించుచుండఁగా, ఆ రెంటి తాత్కాలికప్రతులకు ఒకే పేరుండుటచే అవి తాఱుమాఱైనవి. లోనికి వచ్చిన ప్రతివాని యెదుటను అందఱి రహస్యములును వరుసగా అచ్చుపడఁజొచ్చినవి.

పట్టికను ఉన్నదున్నట్లు దాఁచుటయే దోషమని గ్రహించి, ఇంగ్లండులోని కేంబ్రిడ్జియందు రోజర్ నీధామ్ మొదలగువారు పాస్‌వర్డును తిరిగి విప్పరాని రూపమునకు మార్చి దాఁచు ఉపాయమును కనుఁగొనిరి. యంత్రము చేయఁదగిన దింతే; మిగిలినది మనుష్యుని భాగము. అచ్చటనే చిక్కు! బెల్ ప్రయోగశాలలకుఁ జెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అను వారు 1979లో ప్రకటించిన వ్యాసమున, తాము సేకరించిన 3,289 పాస్‌వర్డులలో 15 ఏకాక్షరములనియు, 72 రెండక్షరములవనియు, 464 మూఁడక్షరములవనియు లెక్కతేల్చిరి. ఇతరములైన పొట్టి పదములను, నిఘంటువులలోను పేర్ల జాబితాలలోను దొరకు పదములనుఁ గూడఁ గలిపిన, నూటికి 86 ఇట్టే పట్టుపడఁదగినవి. పాస్‌వర్డు పెట్టుకొమ్మని నిర్బంధింపవచ్చును గాని, మంచిది పెట్టుకొమ్మని నిర్బంధించుట యెట్లు? ఆ ప్రయోగశాలలవారి యూనిక్స్ అను వ్యవస్థలో పాస్‌వర్డును నమోదుచేయు ప్రోగ్రాము, పొట్టి పదమును కొట్టినవానిని ఇంకను పొడవైనది పెట్టుమని వేఁడెడిది. వాఁడు పట్టు విడువకున్న తుదకు తానే తగ్గి అంగీకరించెడిది. ఇంతటి మర్యాద తాళమునకుఁ దగదు.

1988 నవంబరు 2వ తేదీన ఇంటర్నెట్టుపై విడువఁబడి వేలకొలది కంప్యూటర్లను పీడించిన ‘వర్మ్’ అను ప్రోగ్రాము ఈ దౌర్బల్యమును గూడ నాశ్రయించినది. అది మొదట పాస్‌వర్డు లేని ఖాతాలను వెదకి, పిదప వాడుకరి పేరునే పాస్‌వర్డుగాఁ గొట్టి చూచి, ఆ పేరునే తలక్రిందులుగాఁ బ్రయోగించి, అప్పటికిని తలుపు తెఱువకున్న తనతోఁ దెచ్చుకొన్న 432 పదముల జాబితాను విప్పెడిది. దానిని రచించిన విద్యార్థి పేరు రాబర్ట్ టాపన్ మోరిస్. 1979 నాఁటి వ్యాసకర్తలలో నొకఁడైన మోరిస్ గారి కుమారుఁడు.