సూర్యాపేట దారిలో వీడియో గేమ్ పెట్టెలు

పాత వీడియో గేమ్ యంత్రాలను సేకరించేవారు ప్రపంచమంతటా అమ్మకాల్లో దెబ్బతిన్న వాటికే ఎక్కువ విలువ కడతారు; కొద్దికాలమే తయారై కొద్దిమంది చేతికే చేరినందువల్ల అవి నేడు అరుదైపోయాయి. నింటెండో 1995లో విడుదల చేసి ఏడాది తిరగకముందే ఆపేసిన వర్చువల్ బాయ్, ఆ మరుసటి ఏడాది యాపిల్, బండాయ్ సంస్థలు కలిసి తెచ్చిన పిప్పిన్ ఈ కోవలోవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఇదే వ్యాపకాన్ని చేపట్టదలచినవారు మాత్రం ఆ జాబితాను పక్కన పెట్టవలసి ఉంటుంది. ఎందుకంటే ఓటమి అన్నది యంత్రంలోనే కాక, అది అడుగుపెట్టిన చోటులో కూడా ఉంటుంది.

సెగా కంపెనీ మెగా డ్రైవ్ ఇందుకు మంచి నిదర్శనం. ప్రపంచంలో మూడు కోట్లకు పైగా అమ్ముడైన ఈ యంత్రాన్ని 1995లో షా వాలెస్ సంస్థ సెగాతో ఒప్పందం మీద భారతదేశానికి తెచ్చింది. 80 శాతం దిగుమతి సుంకాన్ని తప్పించుకునేందుకే ఈ ఒప్పందం కుదిరినా ధర 18,000 రూపాయలకు తగ్గలేదు. రంగుల టీవీకే ఏళ్ల తరబడి కూడబెట్టుకునే మధ్యతరగతి కుటుంబానికి, వరి పంట డబ్బు మీద నడిచే మిర్యాలగూడ వంటి పట్టణానికి ఆ ధర అందేది కాదు.

ఆ ఖాళీని నింపినవి పేరులేని నకళ్లు. నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్ లోపలి నిర్మాణాన్ని అనుకరించి తైవాన్, చైనా కర్మాగారాలు వీటిని తయారుచేశాయి. మొదట్లో వేర్వేరు చిప్పులతో చేసిన ఈ పనిని తరువాత ఒకే చిప్పులోకి కుదించి, దానిపై నల్లటి ఎపాక్సీ ముద్ద పోసి మూసేశారు. ధర పడిపోవడానికి ప్రధాన కారణం ఇదే. ఆటలుండే అరవై పిన్నుల క్యాసెట్ల మీద లక్షల సంఖ్యలో ఆటలున్నట్టు అచ్చువేసినా, లోపల ఉండేవి కొన్నే. మిగిలిన అంకెలన్నీ అవే మారియో, కాంట్రా, సర్కస్ ఆటలను వేర్వేరు దశల నుంచి మొదలుపెట్టేవి. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ రహదారి మీదే ఉన్నందువల్ల, ఎలక్ట్రానిక్ సరుకుకు పేరుపడ్డ హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీ అక్కడి దుకాణదారులకు దూరమేమీ కాదు.

ఈ నకలు యంత్రాలను భద్రపరచడం అరుదైన జపాన్ యంత్రాలను భద్రపరచడం కన్నా కష్టం. యంత్రంతోపాటు వచ్చే తుపాకీనే తీసుకుంటే, మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, ఆటలోని లక్ష్యం ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది, గొట్టంలోని కాంతి గ్రాహకం ఆ వెలుగును పట్టుకుంటుంది. బొమ్మను ఆలస్యంగా చూపే ఎల్‌సీడీ టీవీ ముందు ఈ లెక్క తప్పుతుంది కాబట్టి, తుపాకీని దాచినవారు పిక్చర్ ట్యూబ్ టీవీని కూడా దాచుకోక తప్పదు. అయితే పాత ఇనుప సామాను కొట్లకు చేరిన అలాంటి టీవీలు, గేమ్ పెట్టెలు రాగి తీగ కోసం, బోర్డుల కోసం విడిపోయాయి. ఎలక్ట్రానిక్ వ్యర్థాలపై దేశంలో ప్రత్యేక నియమాలు అమలులోకి వచ్చింది 2012 మే నెలలోనే. అప్పటికే ఈ పెట్టెల్లో చాలా భాగం పోయి ఉండాలి.

హైదరాబాదులో పుట్టిన ఆటలకూ ఈ సేకరణలో చోటుండాలి. అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసిన హనుమాన్: బాయ్ వారియర్, పూర్తిగా భారతదేశంలోనే రూపొందిన తొలి కన్సోల్ ఆటగా గుర్తింపు పొందింది. అదే ఏడాది గేమ్‌శాస్త్ర సంస్థ దేశీ అడ్డా పేరుతో కబడ్డీని, తెలంగాణ పిల్లలు చిర్రగోనె అని పిలిచే గిల్లీదండాను తెర మీదికి ఎక్కించింది. వీటికి తయారీదారు పేరు, సంవత్సరం ఉన్నాయి; నకలు యంత్రాలకు అవి లేవు. ఎపాక్సీ ముద్ద కింది చిప్పు తన తేదీని చెప్పదు గనుక అట్టపెట్టె, దుకాణం బిల్లు, క్యాసెట్ మీది స్టిక్కర్ మాత్రమే దాని కాలాన్ని తేల్చగలవు. అందుచేత యంత్రం పనిచేయకపోయినా, ఆ కాగితాలున్న పెట్టెను పారవేయకుండా కొని ఉంచడమే ఈ పట్టణాల సేకర్తలకు తగిన పద్ధతి.