మలుపులో మాట వినిన కారు

తిన్నని బాటపై వేగముగా పోవుట శక్తిగల యంత్రమున్న ఏ కారుకైనను సాధ్యమే. మలుపులో చోదకుని మాట వినుటయే కష్టము. స్టీరింగు చక్రమును త్రిప్పినంత మేరకే తిరిగి, గతుకులపైనను నేలను విడువక, చోదకుడు తొట్రుపడినను తాను తొట్రుపడని గుణమును మోటారు రంగమున హాండ్లింగు అందురు. వేగవంతమైన సెడాను కార్లలో ఈ గుణము ఐరోపావారి సొత్తనియు, జపానువారు దానిని అనుకరించిరనియు చిరకాలము ఒక వాదము ప్రచారములో నుండెను. ఆ కార్ల చరిత్రను పరిశీలించినచో సంగతి వేరుగా కనిపించును.

మలుపులోని బలములు

వడిసెలలోని రాయి గుండ్రముగా తిరుగవలెనన్న త్రాడు దానిని లోపలికి లాగుచుండవలెను. మలుపులో కారునకు అట్టి త్రాడు లేదు. టైరులకును నేలకును నడుమ గల ఘర్షణయే ఆ పని చేయును. కావలసిన బలము వేగము యొక్క వర్గమునకు అనులోమముగా పెరుగును. 100 మీటర్ల వ్యాసార్ధము గల మలుపును గంటకు 50 కిలోమీటర్ల వేగముతో తిరుగు కారునకు సెకనుకు సెకనుకు 1.9 మీటర్ల త్వరణము చాలును. వేగము 100 కిలోమీటర్లయినచో 7.7 మీటర్లు కావలెను. ఇది గురుత్వ త్వరణములో నాల్గింట మూడు వంతులకు పైమాట.

ఘర్షణ చాలనప్పుడు ముందు చక్రముల పట్టు మొదట సడలినచో కారు తగినంత తిరుగక మలుపు వెలుపలి అంచువైపు పోవును. దీనిని అండర్‌స్టీరు అందురు. వెనుక చక్రముల పట్టు మొదట సడలినచో వెనుకభాగము వెలుపలికి విసరినట్లు పోయి, కారు గిర్రున తిరుగును. ఇది ఓవర్‌స్టీరు. 1930 తరువాతి సంవత్సరములలో మారిస్ ఓలీ అను ఆంగ్లేయ ఇంజనీరు ఈ భేదమును శాస్త్రీయముగా వివరించెను. సామాన్య చోదకునకు ఈ రెండింటిలో రెండవదే ఎక్కువ అపాయకరము.

ఒకే పద్ధతి, రెండు దేశములు

జర్మనీలోని మ్యూనిక్ నగరపు బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1959లో ఇతరుల వశమయ్యే స్థితికి వచ్చి తప్పించుకొనెను. 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున ఆ సంస్థ 1500 అను సెడానును చూపెను. ఆ కాలపు కార్లలో పెక్కింటికి వెనుక చక్రములు రెండును ఒకే ఇరుసుకు బిగింపబడి యుండెడివి. ఒకటి గతుకులో ఎగిరినచో రెండవదియు ఒరిగెడిది. ఈ కారులో మాత్రము ప్రతి వెనుక చక్రమును ఒక ఏటవాలు భుజము విడిగా మోసెను. ఒక చక్రము కుదుపు రెండవదానికి తగులదు.

జపానులో 1964 మే 3న సుజుకా పందెపుబాటపై ఒక చిత్రము జరిగెను. ప్రిన్స్ అను సంస్థ తన స్కైలైను సెడాను ముందుభాగమును 20 సెంటీమీటర్లు పొడిగించి, అందులో ఆరు సిలిండర్ల యంత్రమును అమర్చి పందెమునకు దించెను. ప్రత్యేకముగా పందెములకై పుట్టిన జర్మనీ పోర్షె 904ను ఈ కుటుంబపు కారు కొంతసేపు దాటిపోయెను. చివరకు పోర్షెయే గెలిచినను, 2 నుండి 6 వరకు స్థానములు స్కైలైనులకే దక్కెను. అయితే ఆ కారు వెనుక ఇరుసు ఇంకను కమాను పట్టీలపైననే యుండెను. శక్తి వచ్చినది గాని నడత కుదురలేదు.

1966లో ప్రిన్స్ సంస్థ నిస్సానులో కలిసెను. నిస్సాను 1967లో డాట్సన్ 510 కారునందును, 1969లో స్కైలైను జి.టి.-ఆర్. సెడానునందును మ్యూనిక్‌వారు వాడిన ఏటవాలు భుజములనే అమర్చెను. ఆ 510 కారు 1971, 1972 సంవత్సరములలో అమెరికాలోని ట్రాన్స్-ఆమ్ పందెములలో 2.5 లీటర్ల తరగతి విజయమును సాధించెను. ఇంతవరకు జపాను శిష్యస్థానముననే యున్నదనుట న్యాయమే.

భుజములోని దోషము

ఈ పద్ధతిలో ఒక దోషము దాగియున్నది. భుజము ఏటవాలు కీలుపై ఆడును గనుక, చక్రము పైకిగాని క్రిందికిగాని కదలినప్పుడెల్ల దాని నిలువు వంపును, చూచు దిక్కును కొంచెము మారును. మలుపు నడుమ చోదకుడు భయపడి యాక్సిలరేటరును వదలెననుకొందము. బరువు ముందునకు మళ్లును; వెనుకభాగము పైకి లేచును; వెనుక చక్రముల దిక్కు మారును. అప్పటికే బరువు తగ్గిన ఆ చక్రములు పట్టు వదలును. జాగ్రత్తకై చేసిన పనియే కారును త్రిప్పివేయును! ఈ చిక్కు మ్యూనిక్ కార్లకును, జపాను కార్లకును సమానమే.

రెండు పరిష్కారములు

జర్మనీ రహదారులలో పెక్కు భాగములపై వేగమునకు మితి లేదు. కనుక అచ్చటివారికి ముఖ్యము అధిక వేగమున స్థిరత్వము. 1982లో మెర్సిడిస్ 190 సెడానులో ప్రతి వెనుక చక్రమును ఐదు వేర్వేరు కడ్డీలతో పట్టిరి. దీని తర్కము విద్యార్థులు గ్రహింపదగినది. స్వేచ్ఛగల ఘనవస్తువునకు ఆరు విధములైన చలనములు కలవు. ఐదు కడ్డీలు ఐదింటిని అరికట్టును. మిగిలినది పైకి క్రిందికి కదలుట ఒక్కటే. కడ్డీల పొడవులను, కోణములను సరిగా ఎన్నుకొన్నచో ఆ కదలికలో చక్రపు దిక్కు అదుపులో నుండును.

జపాను కొండల దేశము. బాటలు ఇరుకు, మలుపులు పెక్కు. పైగా 1989 నుండి 2004 వరకు అచ్చటి సంస్థలు 280 అశ్వశక్తిని మించిన కార్లను స్వదేశమున ప్రకటింపరాదని కట్టుబాటు చేసికొనెను. శక్తి పెంచుటకు వీలు లేనిచో నడతలోనే నేర్పు చూపవలెను గదా! జపానువారు చక్రములను నిలిపియుంచుటతో తృప్తిపడక, అవసరమును బట్టి వానిని కదల్చిరి. 1985 నాటి స్కైలైనులో ద్రవపీడనముచే వెనుక చక్రములు కూడ స్వల్పముగా తిరిగెడివి. 1996లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ 4 మరియొక అడుగు వేసెను. దానిలో మలుపు వెలుపలివైపున నున్న వెనుక చక్రమునకు ఎక్కువ శక్తి పోవును. పడవలో ఒక ప్రక్క తెడ్డును గట్టిగా వేసినచో పడవ రెండవ ప్రక్కకు తిరిగినట్లు, కారు తనంతట మలుపులోనికి తిరుగును. 1996 నుండి 1999 వరకు ప్రపంచ ర్యాలీ పందెములలో ఫిన్లాండు చోదకుడు టోమి మాకినెన్ వరుసగా నాలుగుమార్లు విజేత యైనది లాన్సర్ కార్లతోనే.

ఇచ్చిపుచ్చుకొనుట

అటుపిమ్మట విద్య రెండు వైపులకు ప్రవహించెను. 1989 నాటి స్కైలైనులో అనేక కడ్డీల పద్ధతి వచ్చెను. 2008 నాటి బి.ఎం.డబ్ల్యు. 7 శ్రేణి సెడానులో వెనుక చక్రములు తిరుగసాగెను. ఆడి ఎస్4 సెడానులో వెనుక చక్రములకు శక్తిని పంచు ఏర్పాటు వచ్చెను. 1995లోనైతే ఒకే సంవత్సరమున ఇరువురును ఒకే గమ్యము చేరిరి. కారు జారుటను గుర్తించి, ఒక్కొక్క చక్రమునకు వేరుగా బ్రేకు వేయు సాధనమును మెర్సిడిస్ తన ఎస్ తరగతి కారునందును, టొయోటా తన క్రౌన్ మాజెస్టానందును ప్రవేశపెట్టెను. 2014 నుండి ఐరోపా సమాఖ్యలో క్రొత్త కార్లన్నిటికిని ఇది తప్పనిసరి యైనది.

పందెపుబాటపై గెలుపుకొరకు సాగిన ఈ పోటీ, వానలో జారు బాటపై భయపడి యాక్సిలరేటరు వదలిన సామాన్యుని ప్రాణమును కాపాడు విద్యగా పరిణమించినది. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు అను ప్రశ్నకు ఇచ్చట ప్రాధాన్యము లేదు. ఘర్షణ నియమము మ్యూనిక్‌లోను సుజుకాలోను ఒక్కటే. బాటలు వేరగుటచే దానిని చేరిన దారులు మాత్రమే వేరు.