సరుకు సైకిలుకు మోటారు వచ్చిన దారి

సైకిలుకు కరెంటు మోటారు బిగించాలన్న ఆలోచన నిన్నమొన్నటిది కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి చెందిన ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31న దానికి పేటెంటు పుచ్చుకున్నాడు. వెనక చక్రం ఇరుసు చుట్టూ మోటారు, సైకిలు చట్రంలో బ్యాటరీ. నేటి హబ్ మోటారు బండ్లదీ ఇంచుమించు ఇదే పోలిక. కొరవడిందల్లా తేలికైన బ్యాటరీ. అది లేక ఆ ఆలోచన ఏళ్ల తరబడి జనంలోకి రాలేకపోయింది.

ఈలోగా బరువు మోసే సైకిలు డెన్మార్క్‌లో తన దారిన తాను ఎదిగింది. 1920లలో అక్కడ ‘లాంగ్ జాన్’ వచ్చింది. ముందు చక్రాన్ని చిన్నది చేసి, బాగా ముందుకు జరిపి, దానికీ హ్యాండిల్‌కూ నడుమ నేలకు దగ్గరగా ఒక బల్ల అమర్చారు. హ్యాండిల్ తిప్పితే బల్ల కింద సాగే పొడవాటి కడ్డీ చక్రాన్ని తిప్పుతుంది. ఎంత తెలివైన అమరిక! బరువంతా కిందికి దిగడంతో వంద కిలోలు వేసినా బండి చేతికి లొంగుతుంది. మన పాలవాళ్లు క్యాన్లను క్యారియర్ మీద పేర్చకుండా ఇరువైపులా కిందికి వేలాడదీయడంలోనూ ఇదే కిటుకు ఉంది.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఇంటింటికీ, కొట్టుకొట్టుకూ సరుకు చేరవేసే కుర్రాళ్లకు ఇలాంటి బండ్లే బతుకుతెరువు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు కటకట వచ్చాక వీటి అవసరం మరింత పెరిగింది. 1942లో ఈ కుర్రాళ్ల మధ్య పందేలే మొదలయ్యాయి. తర్వాత వ్యాన్లు వచ్చి వాళ్ల పని లాగేసుకున్నాయి.

సరుకు సైకిలుకు మళ్లీ ప్రాణం పోసింది అదే నగరంలోని క్రిస్టియానియా. ఖాళీ సైనిక బారకాసుల్లో 1971లో వెలసిన ఆ పేటలోకి కార్లను రానివ్వరు. అక్కడే 1984లో లార్స్ ఎంగ్‌స్ట్రోమ్ ముందు పెట్టె ఉన్న మూడు చక్రాల సైకిలు చేశాడు. పిల్లలూ, కూరగాయలూ ఒకే పెట్టెలో కూర్చున్నారు.

మోటారు కథ జపాన్‌లో మలుపు తిరిగింది. 1993లో యమహా ‘పాస్’ పేరుతో తెచ్చిన సైకిలు, పెడలు మీద కాలు ఎంత గట్టిగా తొక్కుతోందో కొలిచి అందుకు తగ్గ సాయం అందించింది. తొక్కడం మానేస్తే సాయమూ ఆగిపోతుంది. తర్వాత లిథియం బ్యాటరీలు రావడంతో ఆ సాయం సరుకు బండ్లకూ అందింది.

యూరప్‌లో మామూలు ఈ-సైకిలుకు హద్దు 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు. మన దేశంలోనూ రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండికి దాదాపు ఇదే లెక్క. హద్దు ఒకటే అయినప్పుడు వాట్లు చూసి మురిసిపోవడం దండగ. బరువు ఎక్కడ కూర్చుంటుందో, బ్రేకులు ఎంత గట్టివో చూడాలి. ఎత్తు ఎక్కే దారైతే పెడళ్ల దగ్గరుండే మోటారు మేలు, అది గేర్ల బలాన్ని వాడుకుంటుంది. హబ్ మోటారు పెద్ద బరువుతో నిదానంగా ఎక్కేటప్పుడు వేడెక్కిపోతుంది. ఖాళీ బండి నడిపి చూసి కొంటే ఇవేవీ తెలియవు. రెండు బియ్యం బస్తాలు వేసి, ఒక ఫ్లైఓవర్ ఎక్కించి, దిగేటప్పుడు బ్రేకు పట్టి చూడాలి.