విహార నౌకా యాత్ర

విహార నౌకా యాత్ర అనగా ఒక రేవు నుండి మరొక రేవుకు చేరుకోవడమే ప్రధానం కాక, ఓడలోని నివాసాన్ని, సముద్ర దృశ్యాన్ని, దారిలోని రేవు పట్టణాలను ఆస్వాదించడం కొరకు చేసే ఓడ ప్రయాణం. దీనినే క్రూయిజ్ అని కూడా అంటారు. ఇందులో బస, భోజనం, ప్రయాణం, వినోదం ఒకే చోట లభిస్తాయి. యాత్రికులు నిద్రించే గదిని క్యాబిన్ అంటారు. ఒకే ఓడలో ఒకే భోజనం చేసి, ఒకే రేవులు చూసిన ఇద్దరిలో ఒకరు హాయిగా తిరిగి వచ్చి, మరొకరు రెండు రాత్రులు వాంతులతో గడపడానికి క్యాబిన్ ఉన్న చోటు ఒక ముఖ్య కారణం. సముద్రానికి దూరంగా, నల్లమల అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం వంటి పశ్చిమ ప్రకాశం ప్రాంతాల వారిలో అధికులకు ఓడ ప్రయాణం అలవాటు లేదు. అట్టివారికి ఉపయోగపడే వివరాలు ఈ వ్యాసంలో ప్రత్యేకంగా పొందుపరచబడినవి.

చరిత్ర

1844లో ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుండి జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్సు నగరాలకు పి అండ్ ఓ సంస్థ నడిపిన యాత్రలు ఆధునిక విహార యాత్రలకు ఆరంభమని చెబుతారు. కేవలం విహారానికే నిర్మించిన తొలి ఓడ జర్మనీకి చెందిన ప్రింజెసిన్ విక్టోరియా లూయీస్ (1900).

తెలుగువారికి సముద్రయానం కొత్తది కాదు. శాతవాహనుల నాణేలపై తెరచాప ఓడ బొమ్మ కనిపిస్తుంది. పూర్వపు ప్రకాశం జిల్లాలో ఉండి, 2022 నుండి బాపట్ల జిల్లాలో చేరిన మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. బ్రిటిషు కాలంలో కోస్తా కూలీలు వేల సంఖ్యలో రంగూనుకు ఓడలలో వెళ్ళారు. వారు గది లేకుండా ఆరుబయట మూటాముల్లెలతో కూర్చుని ప్రయాణించిన డెక్కు ప్రయాణికులు. క్యాబిన్ అనేది అప్పట్లో దొరలకూ ధనికులకే దక్కేది. ఇక పశ్చిమ ప్రకాశం విషయానికి వస్తే, ఇక్కడి మనుషుల కంటే ఇక్కడి రాయే ఎక్కువగా ఓడలెక్కింది. మార్కాపురం పలకరాయి విదేశాలకు ఎగుమతి అయిన సంగతి సుప్రసిద్ధం.

ఓడ ఊగే తీరు

క్యాబిన్ ఎంచుకొనే ముందు ఓడ ఎలా ఊగుతుందో తెలుసుకోవాలి. ఓడకు ముఖ్యంగా రెండు ఊపులు ఉంటాయి. మొదటిది కుడి ఎడమలకు ఒరగడం. రెండవది ముందు భాగం లేచినపుడు వెనుక భాగం దిగడం, వెనుక భాగం లేచినపుడు ముందు భాగం దిగడం. పిల్లలు పలకను మధ్యలో వేలిపై నిలిపి ఆడించినపుడు అంచులు బాగా కదులుతాయి గాని మధ్యభాగం దాదాపు కదలదు. ఓడ విషయంలోనూ అంతే. పొడవులో మధ్యన, ఎత్తులో కింది అంతస్తులలో ఉన్న గదులలో ఊపు తక్కువగా తెలుస్తుంది. ముందు కొసన, వెనుక కొసన, పై అంతస్తులలో ఉన్న గదులలో ఎక్కువగా తెలుస్తుంది. దోర్నాల నుండి శ్రీశైలం వెళ్ళే ఘాట్ రోడ్డులో బస్సు చివరి సీటులో కూర్చున్నవారికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు.

ఆధునిక ఓడలకు నీటి లోపల రెండు పక్కలా రెక్కల వంటి సాధనాలు ఉంటాయి. ఇవి పక్కలకు ఒరగడాన్ని బాగా తగ్గిస్తాయి కాని, ముందు వెనుకల ఊపును ఆపలేవు. కనుక 'మా ఓడ ఊగదు' అనే మాటను పూర్తిగా నమ్మరాదు.

క్యాబిన్‌లలో రకాలు

లోపలి గది: దీనికి కిటికీ ఉండదు. వెల అన్నిటికంటే తక్కువ. దీపం ఆర్పితే పగలు కూడా చీకటిగా ఉంటుంది. పగలంతా బయట తిరిగి, రాత్రి నిద్రకు మాత్రమే గదికి వచ్చేవారికి ఇది చాలును.

సముద్రం కనిపించే గది: దీనికి తెరవడానికి వీలులేని అద్దపు కిటికీ ఉంటుంది. కింది అంతస్తులలో ఇది గుండ్రంగా, చిన్నదిగా ఉంటుంది. కొన్ని గదుల కిటికీకి ఎదురుగా ప్రాణరక్షక పడవలు వేలాడుతూ దృశ్యాన్ని మూసివేస్తాయి. అవి కొంత తక్కువ ధరకు లభిస్తాయి.

బాల్కనీ గది: సొంత వసారా గలది. గాలి ధారాళంగా ఉంటుంది. అయితే బాల్కనీలు సాధారణంగా పై అంతస్తులలోనే ఉంటాయి. అనగా ఎక్కువ సొమ్ము చెల్లించినవారు ఎక్కువ ఊగే చోటును కొనుక్కొనే అవకాశం ఉన్నదన్నమాట. బట్టలు ఆరవేయడానికి బాల్కనీని వాడనివ్వరు.

సూట్: పడకగది, కూర్చునే గది వేరువేరుగా ఉండే విశాలమైన వసతి. వెల చాలా అధికం.

క్యాబిన్ ఎంపిక

బుక్ చేసే ముందు ఓడ అంతస్తుల పటాన్ని తప్పక చూడాలి. ఎంచుకొన్న గదికి పక్కన ఏమున్నదో చూడటం అందరూ చేసే పనే. పైన, కింద ఏమున్నవో చూడటం అంతకంటే ముఖ్యం. నాట్యశాల కింద గదిలో అర్ధరాత్రి దాటినా మోత తగ్గదు. ఈతకొలను ఉన్న అంతస్తు కింద తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు మొదలవుతుంది. వంటశాల పొరుగు కూడా అంతే. ముందు భాగపు కింది గదులలో లంగరు దించే గొలుసు శబ్దం, వెనుక భాగపు కింది గదులలో యంత్రాల అదురు తెలుస్తాయి. పైనా కిందా కూడా క్యాబిన్‌లే ఉన్న అంతస్తు అన్నివిధాలా శ్రేయస్కరం.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే మరికొన్ని జాగ్రత్తలు అవసరం. లిఫ్టుకు నాలుగైదు గదుల దూరంలో గది తీసుకోవాలి. మరీ ఆనుకొని ఉంటే జనసందడి, మరీ దూరమైతే పొడవాటి నడవాలో నడక తప్పదు. స్నానపు గది గుమ్మం వద్ద నీరు బయటకు రాకుండా మెట్టువంటి అడ్డు ఉంటుంది. ఓడ ఊగేటప్పుడు దీనికి తట్టుకొని పడేవారు ఉంటారు. మరుగుదొడ్లు పాశ్చాత్య పద్ధతిలోనే ఉంటాయి. ముగ్గురు, నలుగురు ఉండే గదులలో మూడవ, నాలుగవ పడకలు గోడ నుండి లేదా పైకప్పు నుండి దిగుతాయి. వాటికి నిచ్చెన ఎక్కాలి. కనుక 'నలుగురికి సరిపోయే గది' అన్నంత మాత్రాన తాతయ్య, నాయనమ్మలతో సహా నలుగురికి సరిపోతుందని భావించరాదు.

తల్లిదండ్రులు, పిల్లలతో వెళ్ళే కుటుంబానికి ఒక పెద్ద ఖరీదైన గది కంటే ఓడ మధ్యలో ఎదురెదురుగా రెండు లోపలి గదులు తీసుకోవడం తరచు చౌక. స్నానపు గదులు కూడా రెండు దక్కుతాయి. ఒక్కరే ప్రయాణిస్తే మాత్రం ఇద్దరి వెలకు దగ్గరగా చెల్లించవలసి వస్తుంది. ఎందుకంటే ప్రకటించే ధరలు ఒక గదిలో ఇద్దరు ఉంటారన్న లెక్కతో మనిషికి వేసినవి.

గది సంఖ్యను తర్వాత ఓడవారే నిర్ణయించే పద్ధతి ఒకటి ఉన్నది. ఇందులో ధర తక్కువ. కాని ముందు కొసన దక్కినా మారుమాట్లాడటానికి వీలుండదు. తొలిసారి వెళ్ళేవారు, కడుపులో తిప్పే స్వభావం గలవారు దీని జోలికి పోకపోవడమే మంచిది. మిగిలే సొమ్ముకూ పడే బాధకూ పొంతన ఉండదు.

ఓడ వికారం

చెవి లోపలి భాగం శరీరం కదులుతున్నదని చెబుతుండగా, కన్ను గది కదలడం లేదని చెప్పడం వలన మెదడు తికమకపడి వికారం కలుగుతుంది. అందుచేత వికారం మొదలవగానే చాలామంది చేసినట్లు గదిలో దూరి తలుపు మూసుకోవడం కంటే, మధ్య భాగంలోని ఆరుబయటకు వచ్చి దూరాన ఆకాశం సముద్రాన్ని తాకే గీతను చూడటం మేలు. కదలకుండా వెల్లకిల పడుకోవడం కూడా ఉపశమనాన్ని ఇస్తుంది. పుస్తకం, సెల్‌ఫోను చూడరాదు. ఖాళీ కడుపూ, నిండు కడుపూ రెండూ పనికిరావు. అల్లం కొందరికి పనిచేస్తుంది. మాత్రలు వికారం మొదలయ్యాక కంటే ముందుగా వేసుకొంటేనే ఫలితం ఎక్కువ. వాటిలో చాలావరకు మగతను కలిగిస్తాయి. రక్తపోటు, గుండె, ప్రోస్టేటు, నీటికాసుల వ్యాధులకు మందులు వాడేవారు వైద్యుని అడగకుండా వీటిని వాడరాదు.

బంగాళాఖాతం జనవరి నుండి మార్చి వరకు సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల అలలు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల భయం ఉంటాయి.

ఖర్చులు, పత్రాలు

ప్రకటనలోని ధరలో గది, సామాన్య భోజనం, కొన్ని వినోదాలు మాత్రమే చేరి ఉంటాయి. రేవు రుసుములు, పన్నులు, సిబ్బందికి రోజుకు మనిషికింత చొప్పున వసూలు చేసే బహుమానం, ప్రత్యేక భోజనశాలలు, రేవులలో బస్సు యాత్రలు, ఇంటర్నెట్ వంటివి అదనం. నడిసముద్రంలో ఫోను ఓడలోని నెట్‌వర్కును తనంతట తానే అందుకొని భారీ బిల్లు తేగలదు. కనుక ఓడ కదలగానే ఫోనును విమాన స్థితిలో ఉంచాలి.

దేశంలోని రేవుల మధ్య యాత్రకు పాస్‌పోర్టు అవసరం లేదు. ప్రభుత్వ గుర్తింపు పత్రం చాలు. సింగపూరు వంటి విదేశీ రేవు నుండి బయలుదేరి తిరిగి అక్కడికే చేరే యాత్రలకు ఆ దేశపు వీసా ఒకసారి ప్రవేశానికి మాత్రమే కాక, మరల ప్రవేశించడానికి కూడా చెల్లేలా ఉండాలి. ఈ ఒక్క సంగతి మరచి ఇబ్బంది పడేవారు ఉంటారు. గర్భం 24 వారాలకు చేరినవారిని, ఆరు నెలల లోపు శిశువులను చాలా సంస్థలు ఓడ ఎక్కనివ్వవు. ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే విద్యుత్ పరికరాలను అగ్నిభయం వలన అనుమతించరు. ఇంట్లో వండిన ఆహారాన్ని కూడా చాలా ఓడలలో అనుమతించరు. కారప్పొడి, ఆవకాయ తీసుకువెళ్ళదలచినవారు ముందుగా నిబంధన కనుక్కోవాలి. శాకాహారులు, వెల్లుల్లి తిననివారు బుక్ చేసేటప్పుడే ఆ విషయం రాయించాలి.

తెలుగు తీరం నుండి

2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ ఓడ విశాఖపట్నం నుండి పుదుచ్చేరి, చెన్నై రేవులకు విహార యాత్రలు ప్రారంభించింది. 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో సేవలో ప్రవేశించిన ఈ ఓడకు 11 అంతస్తులు ఉన్నవి. ఆ నెలలోనే పుదుచ్చేరి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో ఓడ అక్కడ ప్రయాణికులను దించకుండానే సాగిపోయింది. కార్యక్రమంలో రాసిన ప్రతి రేవూ చూడగలమనే హామీ ఉండదనడానికి ఇది ఉదాహరణ. విశాఖపట్నంలో విహార నౌకల టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమయింది. 2025 జూలైలో కార్డీలియా మరల విశాఖకు వచ్చింది. ఈ రెండు సంవత్సరాల యాత్రలూ నైరుతి రుతుపవన కాలంలోనే జరిగాయి. కనుక విశాఖ నుండి ఇటువంటి యాత్ర చేసేవారికి కింది అంతస్తు, మధ్య భాగం అనే సూత్రం మరింత వర్తిస్తుంది. చెన్నై వైపు వెళ్ళేటప్పుడు ఎడమవైపు గదులకు సూర్యోదయం కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో కుడివైపు గదులకు కనిపిస్తుంది.

విశాఖపట్నం, చెన్నైల నుండి అండమాన్‌కు నడిచే ప్రయాణికుల ఓడలు విహార నౌకలు కావు. అయినా తక్కువ ఖర్చులో సముద్రయానం చేయగోరేవారికి అవే దిక్కు. విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో నిర్మించిన స్వరాజ్ ద్వీప్ వీటిలో ఒకటి. ఇందులో డీలక్స్, మొదటి, రెండవ తరగతి క్యాబిన్‌లు, బంక్ తరగతి ఉంటాయి. ప్రయాణానికి రెండు రోజులకు పైగా పడుతుంది. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మార్చబడింది. బంక్ తరగతి చౌకదే గాని, కుటుంబంతో వెళ్ళేవారు కనీసం రెండవ తరగతి క్యాబిన్ తీసుకోవడం ఉచితం.

పశ్చిమ ప్రకాశం నుండి

గుంటూరు - నంద్యాల రైలు మార్గంలోని మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు ఈ ప్రాంతపు ముఖ్య స్టేషన్లు. ఈ మార్గంలో నడిచే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ద్వారా నేరుగా విశాఖపట్నం చేరవచ్చును. చెన్నై వెళ్ళేవారు రోడ్డు మార్గంలో ఒంగోలు చేరి రైలు ఎక్కవచ్చును. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. టికెట్టు సొమ్ము కూడా సాధారణంగా తిరిగి రాదు. అందువలన ఒక రోజు ముందుగా రేవు పట్టణానికి చేరాలి.

నీటిపై ప్రయాణం తమకు సరిపడుతుందో లేదో తెలుసుకోగోరేవారికి దగ్గరలోనే అవకాశాలు ఉన్నవి. శ్రీశైలం పాతాళగంగ నుండి అక్కమహాదేవి గుహలకు పడవలు, మాచర్ల సమీపాన విజయపురి సౌత్ నుండి నాగార్జునకొండకు లాంచీలు నడుస్తాయి. జలాశయంలో నీరు తగినంత ఉన్న కాలంలో నాగార్జునసాగర్ నుండి శ్రీశైలం వరకు లాంచీ యాత్ర కూడా ఉంటుంది. నల్లమల కొండల మధ్య కృష్ణపై సాగే ఈ యాత్ర అందంలో సముద్ర యాత్రలకు తీసిపోదు. జలాశయంలో సముద్రపు అలలు ఉండవు కనుక, ఇక్కడ వికారం రాలేదని సముద్రంలోనూ రాదనుకోరాదు. ఇక్కడే వచ్చినవారు మాత్రం సముద్ర యాత్ర గురించి మరల ఆలోచించవచ్చు.

భద్రత

2017 నవంబరు 12న విజయవాడ సమీపాన పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఒంగోలు నుండి విహారానికి వెళ్ళినవారే. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద వరద సమయంలో రాయల్ వశిష్ట పడవ మునిగి పలువురు యాత్రికులు ప్రాణాలు కోల్పోయారు. అనుమతి పత్రం, తొడుగుకోదగిన లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కరాదు. జాకెట్టు వేసుకొంటే ఫొటో బాగుండదని దాన్ని పక్కన పెట్టేవారికి సిబ్బంది చెప్పకపోయినా తోటివారు చెప్పాలి.

పెద్ద ఓడలలో పద్ధతి వేరు. టైటానిక్ ప్రమాదం (1912) తర్వాత 1914లో సముద్ర భద్రతకు అంతర్జాతీయ ఒడంబడిక ఏర్పడింది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాతిని ఢీకొని 32 మంది మరణించారు. కొందరు ప్రయాణికులకు అప్పటికి భద్రతా శిక్షణ జరగలేదు. దాని తర్వాత ఓడ బయలుదేరడానికి ముందుగానే లేదా బయలుదేరిన వెంటనే ఈ శిక్షణ జరపాలన్న నిబంధన వచ్చి, 2015 నుండి అమలులో ఉన్నది. ఏడు లేదా అంతకు మించి పొట్టి కూతలు, వాటి వెంట ఒక పొడవు కూత వినిపిస్తే అది ఆపద సంకేతం. ఆ సమయంలో చేరవలసిన చోటు క్యాబిన్ తలుపు లోపలివైపు రాసి ఉంటుంది. గదిలో ప్రవేశించగానే దాన్ని చదివి, ఆ చోటికి ఒకసారి మెట్ల మార్గాన నడిచి చూడాలి. అగ్నిప్రమాదంలో లిఫ్టులు పనిచేయవు.

ఇవి కూడా చూడండి

కంభం చెరువు
నాగార్జునసాగర్
మోటుపల్లి
విశాఖపట్నం ఓడరేవు