షెడ్డులో ఏళ్లుగా నిలిచిపోయిన తాత కారు.. సెల్ఫ్ కొట్టే ముందు ఇవి తెలుసుకోండి!

ఊళ్లో పాత ఇల్లు. పక్కనే రేకుల షెడ్డు. అందులో పట్టా కప్పిన అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, మొదటి తరం మారుతి 800నో. సింహాద్రిపురం లాంటి ఊళ్లలో ఇలా కదలకుండా ఉండిపోయిన ఇంటి కారు ఉంటే, పండక్కి పిల్లలు వచ్చినప్పుడే దాని ప్రస్తావన వస్తుంది. "ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం" అంటారు. కొత్త బ్యాటరీ తెచ్చి, నాలుగు లీటర్ల పెట్రోల్ పోసి సెల్ఫ్ కొడతారు. ఇన్నేళ్లు నిలబడి ఉన్న ఇంజిన్ ఆ ఒక్క నిమిషంలో దెబ్బతినొచ్చు.

అందుకే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. పాత కారు విషయంలో స్టార్ట్ చేయడం మొదటి పని కాదు, ఆఖరి పని.

ముందు కాగితాలు తీయండి

పానా పట్టుకునే ముందు బీరువాలో ఆర్‌సీ వెతకండి. దాని మీదున్న ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ కారు మీద ఉన్న వాటితో సరిపోవాలి. చేతిరాత ఆర్‌సీ అయితే, వివరాలు పరివాహన్ పోర్టల్‌లో కనిపిస్తున్నాయో లేదో చూడండి. కనిపించకపోతే ఆర్టీఏ ఆఫీసులో అడగాలి.

కారు చనిపోయిన తాత పేరు మీదో, నాన్న పేరు మీదో ఉంటే ముందు వారసుల పేరుకు మార్చుకోవాలి. దానికి ఫారం 31 ఉంటుంది. చట్టం ప్రకారం యజమాని చనిపోయిన మూడు నెలల్లోపే ఈ దరఖాస్తు పెట్టాలి. చాలా ఇళ్లలో ఏళ్లు గడిచినా ఈ పని జరగదు. అన్నదమ్ములు ఎక్కువ మంది ఉంటే అందరి అంగీకారం ముందే తీసుకోండి. లక్షలు ఖర్చు పెట్టాక "కారు ఎవరిది" అనే మాట వస్తే రిపేర్ అక్కడే ఆగిపోతుంది.

15 ఏళ్లు దాటితే తుక్కేనా?

కాదు. సొంత కారు ఆర్‌సీకి మొదట 15 ఏళ్ల గడువు ఉంటుంది. ఆ తర్వాత ఫారం 25తో దరఖాస్తు పెట్టి, తనిఖీలో పాసైతే ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద వినిపించే ఆంక్షలు ఢిల్లీ ప్రాంతానివి, కడప జిల్లావి కావు.

అయితే ఖర్చు పెరిగింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన సవరణతో 20 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు రూ.10,000 అయింది. గడువు దాటినందుకు అదనపు రుసుము, గ్రీన్ ట్యాక్స్ కూడా ఉండొచ్చు. మొత్తం ఎంతవుతుందో ఆర్టీఏ ఆఫీసులో కనుక్కున్నాకే మెకానిక్‌ను పిలవండి. రోడ్డెక్కాలంటే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి.

వింటేజ్ నంబర్ అందరికీ రాదు

పాత కారు కనిపిస్తే చాలు వింటేజ్ అనేస్తాం. రూల్ వేరు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన టూవీలర్, ఫోర్ వీలరే వింటేజ్. పైగా ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు రూ.20,000, గడువు పదేళ్లు. తర్వాత రూ.5,000తో ఐదేళ్లు పొడిగిస్తారు. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఇంతకుముందే రిజిస్టర్ అయిన బండి పాత నంబర్‌నే ఉంచుకోవచ్చు.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. ఒకటి, వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఆ కారును రోజూ తిప్పకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, పెట్రోల్, రిపేర్ లాంటి పనులకే రోడ్డు మీదికి తేవాలి. పులివెందుల సంతకో, ప్రొద్దుటూరు పెళ్లికో వెళ్దామంటే కుదరదు. రెండోది, పెట్రోల్ ఖర్చు భరించలేక ఒకప్పుడు చాలామంది పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టించారు. అలాంటి కారు వింటేజ్ లెక్కలోకి రావడం కష్టం. ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కకపోతే మామూలు రెన్యువల్ కూడా ఇబ్బందే.

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారు చేయించిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆ నిజాం 1911లోనే చనిపోయారు. వందేళ్లు దాటినా జనం వెళ్లి చూస్తున్నారంటే ఆ కారు అసలు రూపమే కారణం. మీ కారు రాజుల కారు కాకపోవచ్చు, కానీ లెక్క అదే. తీసిన పాత భాగాలు తుక్కుకు వేయకుండా డబ్బాలో దాచండి.

సీమ ఎండ చేసే మేలు, కీడు

కోస్తాలో ఉప్పుగాలికి కార్లు తుప్పు పట్టిపోతాయి. కడప జిల్లా పొడి గాలిలో ఆ బాధ తక్కువ. కానీ ఎండకు రబ్బరు పగులుతుంది. ట్యూబులు, హోస్ పైపులు, డోర్ బీడింగ్ గట్టిపడి చిట్లుతాయి. షెడ్డులో వేరుశెనగ కాయలు, గడ్డి ఉంటే ఎలుకలు వచ్చి వైర్లు కొరికేస్తాయి. పాములు, తేళ్లు ఉండొచ్చు కాబట్టి బానెట్‌లోకి, సీట్ల కిందకి నేరుగా చేయి పెట్టొద్దు.

కార్పెట్ ఎత్తి ఫ్లోర్, తలుపుల కింది అంచులు చూడండి. అంబాసిడర్, పద్మినిల్లో బాడీయే ఛాసిస్‌లా బరువు మోస్తుంది. అక్కడ తుప్పు తినేసి ఉంటే పైన రంగు వేసినా లాభం లేదు. ముందు టింకరింగ్ చేయించాల్సిందే.

పాత పెట్రోల్ తీసేయండి

పెట్రోల్ నెలల్లోనే పాడవుతుంది. ఏళ్లు గడిస్తే జిగురులా మారి ట్యాంకులో, కార్బురేటర్‌లో పేరుకుపోతుంది. దానిమీద కొత్త పెట్రోల్ పోస్తే ఆ జిగురంతా ఇంజిన్ వైపు వెళ్తుంది. ట్యాంకు విప్పి కడిగించాలి. కార్బురేటర్ క్లీన్ చేయించాలి. పెట్రోల్ పైపులన్నీ కొత్తవి వేయాలి.

ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే పైపులే అడిగి తీసుకోండి. ట్యాంకు నింపి నెలల తరబడి వదిలేయొద్దు.

ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడండి

స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒకట్రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ వేసి ఒకట్రెండు రోజులు వదిలేయండి. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి మెల్లగా చేత్తో తిప్పాలి. పాత అంబాసిడర్లకు స్టార్టింగ్ హ్యాండిల్ ఉండేది, ఇక్కడ అది పనికొస్తుంది. తిరగకపోతే బలవంతం చేయొద్దు. మళ్లీ ఆయిల్ వేసి ఆగండి. కారును తాడు కట్టి ట్రాక్టర్‌తో లాగి స్టార్ట్ చేయాలని చూస్తే పిస్టన్ రింగులు విరగొచ్చు.

ఇంజిన్ తిరిగితే ఆయిల్, ఫిల్టర్ మార్చండి. రేడియేటర్ కడిగించి హోస్ పైపులు, ఫ్యాన్ బెల్ట్ కొత్తవి వేయించండి. 40 డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇందులో పొదుపు చేస్తే ఇంజిన్‌కే ముప్పు.

కదలడం కన్నా ఆగడం ముఖ్యం

ఇంజిన్ ఆగిపోతే కారు రోడ్డు పక్కన నిలబడుతుంది. బ్రేకు ఫెయిలైతే మనుషుల మీదికి వెళ్తుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. లోపల సిలిండర్లు తుప్పు పట్టి, రబ్బర్లు గట్టిపడతాయి. పెడల్ గట్టిగా తగిలిందని నమ్మొద్దు. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సిలిండర్లు విప్పి చూసి రబ్బర్ కిట్లు, హోస్‌లు మార్చాల్సిందే. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి.

టైరు మీద గీతలు బాగున్నా వయసు చూడండి. పక్కన నాలుగంకెల కోడ్ ఉంటుంది. ఉదాహరణకు 2308 అంటే 2008లో 23వ వారం తయారైనదని అర్థం. మూడంకెలే ఉంటే అది 2000 కంటే ముందుది. అలాంటి టైరు రోడ్డుకు పనికిరాదు.

ఇక సెల్ఫ్ కొట్టొచ్చు

ఎలుకలు కొరికిన వైరింగ్ సరిచేశాకే బ్యాటరీ కనెక్ట్ చేయండి. 1950లు, 60ల నాటి కొన్ని కార్లలో ప్లస్ వైరు బాడీకి ఉంటుంది, తారుమారు చేయొద్దు. మొదట ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి ఆయిల్ ప్రెజర్ వచ్చిందో లేదో చూడండి. తర్వాతే ప్లగ్గులు బిగించండి.

కారును షెడ్డు బయటికి నెట్టి స్టార్ట్ చేయండి. మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది. మంటలార్పే సిలిండర్ పక్కనే ఉంచుకోండి. ఆయిల్ ప్రెజర్, వేడి గమనిస్తూ కాసేపు నడవనివ్వండి. మొదటి రౌండ్ ఇంటి ఆవరణలోనే, అదీ పిల్లలు దూరంగా ఉన్నప్పుడే. బ్రేకుల మీద నమ్మకం కుదిరి, కాగితాలు చేతికొచ్చాకే రోడ్డు.

విడిభాగాల సంగతి

అంబాసిడర్ తయారీ 2014 మేలో, మారుతి 800 తయారీ అదే ఏడాది జనవరిలో ఆగిపోయాయి. పద్మిని అంతకుముందే ఆగింది. లోకల్‌గా దొరకని పార్టులకు బెంగళూరు జేసీ రోడ్, చెన్నై పుదుపేట మార్కెట్లలో వెతకొచ్చు. పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి పోల్చి చూసుకుంటే తిప్పలు తప్పుతాయి.

ఈ కార్ల మీద పనిచేసిన మెకానిక్‌లకు వయసు మీద పడుతోంది. మీ ఊళ్లో అలాంటి మేస్త్రీ ఉంటే ఆయన్ను ఇప్పుడే కలవండి. కారు ఇంకో రెండేళ్లు షెడ్డులో ఆగగలదు. దాన్ని విప్పడం తెలిసిన చేతులు అన్నాళ్లు దొరుకుతాయన్న నమ్మకం లేదు.